టీవీ మోగుతూనే ఉంటుంది

2022 మార్చిలో స్టార్ మా ఛానల్లో ‘కార్తీక దీపం’ హీరోనీ హీరోయిన్‌నీ ఒకే కారు ప్రమాదంలో చంపేశారు. డాక్టర్ బాబు కార్తీక్‌గా నిరుపమ్ పరిటాల, వంటలక్క దీపగా ప్రేమి విశ్వనాథ్ అప్పటికి నాలుగేళ్లు దాటి తెలుగిళ్లలో ఇంటి మనుషుల్లా చెలామణీ అవుతున్నారు. వాళ్ల పిల్లలు హిమ, శౌర్య ఒక్క గెంతులో పెళ్లీడుకొచ్చేశారు. కొత్త ముఖాలు వచ్చాయి, కొత్త ప్రేమలు వచ్చాయి, కొత్త అపార్థాలూ వచ్చాయి. జనమే రాలేదు. కొన్ని నెలలు చూసి దీపనీ కార్తీక్‌నీ మళ్లీ బతికించారు. అయినా పాత ఊపు తిరిగి రాలేదు. 2017 అక్టోబరు 16న మొదలైన ఆ సీరియల్ 2023 జనవరి 23న, 1,569 ఎపిసోడ్ల దగ్గర ముగిసింది. మర్నాడే అదే ఏడున్నర గంటలకు ‘బ్రహ్మముడి’ వచ్చి కూర్చుంది.

ఎపిసోడ్‌కు కథ ఇరవై నిమిషాలే అనుకున్నా 1,569 ఎపిసోడ్లంటే 520 గంటలకు పైమాటే. రెండున్నర గంటల సినిమాలు రెండు వందలకు పైగా చూసినట్టు. ఒకే మొగుడూ పెళ్లాల తగవును అంతసేపు చూసిన జనం చివరి మెట్టు మీద ఎందుకు వదిలేశారు? ‘బోరు కొట్టింది’ అనేది తేలిగ్గా దొరికే జవాబు. కానీ బోరు అనేది ఆ సీరియల్లో మొదటి ఏడాది నుంచీ ఉంది. ఒక చెంపదెబ్బను మూడు వైపుల నుంచి, మూడు సార్లు, ఉరుముల మధ్య చూపించడం కొత్తేమీ కాదు. దాన్ని భరించిన వాళ్లే తర్వాత ఇంకేదో భరించలేకపోయారు. ఆ ఇంకేదో ఏమిటో కాస్త నిదానంగా చూడాలి.

ముందుగా, వదిలెయ్యడం అంటే ఏమిటో తేల్చుకుందాం. కాచిగూడ చౌరస్తా పక్క గల్లీలో ఒక కర్రీ పాయింట్ ఉంది. సాయంత్రం ఏడున్నరకి అక్కడ చేతులకు తీరిక ఉండదు. పప్పూ సాంబారూ కవర్లలో పోసి, మూతి మెలేసి రబ్బరు బ్యాండు వెయ్యాలి, చిల్లర ఇవ్వాలి, ఫోన్‌పే మోగిందో లేదో వినాలి. దుకాణం నడిపే ఆవిడ వెనక, గోడకు పైన టీవీ. ఆవిడ వీపు దానివైపు, ముఖం గిరాకీ వైపు. తెరమీద ఎవరో ఏడుస్తున్నారు. “ఎందుకు ఏడుస్తోంది అక్కా?” అని అడిగితే, “ఏమో సార్, నేను చూస్తలేను. ముందు మస్తు చూసేదాన్ని. ఇప్పుడు నడుస్తుంటది గంతే. సప్పుడు లేకుంటే మనసున పట్టది” అంది. అంటూనే, అటు తిరక్కుండానే, “అది అత్త గొంతు, ఇప్పుడు తిడ్తది చూడుండ్రి” అంది. నిజంగానే తిట్టింది.

ఆవిడ సీరియల్ మానేసినట్టా, మాననట్టా? రెండూ నిజమే. అభిమాని ముందు వదిలేది కథను. గంటను, గొంతులను, ఆ చప్పుడును చిట్టచివర వదులుతాడు. ఈ రెంటికీ మధ్య నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడుస్తాయి. సీరియళ్ల పతనం మనకు అర్థం కాకపోవడానికి కారణం ఈ మధ్య కాలమే.

ఛానల్‌కు కూడా అక్కడే అర్థం కాదు. అది ఎందుకో తెలియాలంటే టీఆర్పీ లెక్క ఎలా కడతారో చూడాలి. 2015 నుంచి మన దేశంలో ఈ పని బార్క్ అనే సంస్థ చేస్తోంది. దేశమంతటా 50 వేలకు పైగా ఇళ్లలో మీటర్లు పెట్టింది. ఛానళ్లు తమ ప్రసారం ధ్వనిలో మన చెవికి వినిపించని ఒక గుర్తును కలిపి పంపుతాయి. మీటరు ఆ ధ్వనిని పట్టుకుని, ఏ ఛానల్ ఎంతసేపు నడిచిందో రాసుకుంటుంది. గదిలో ఎవరున్నారో ఇంటివాళ్లే రిమోట్ మీద తమ మీట నొక్కి చెప్పాలి. ఆ లెక్కలన్నీ కూడి గురువారం నాటికి ఛానల్ బల్ల మీదికి వస్తాయి. ప్రకటన ధర, సీరియల్ స్లాటు, రచయిత ఉద్యోగం అన్నీ ఆ గురువారం మీదే ఆధారపడి ఉంటాయి.

ఇందులో తిరకాసు కనిపిస్తూనే ఉంది. మీటరు చెవితో వింటుంది. టీవీ నడుస్తోందని దానికి తెలుస్తుంది, గదిలో ఉన్న మనిషి పెసరపప్పు కడుగుతోందా, కళ్లార్పకుండా చూస్తోందా అన్నది దానికి తెలియదు. కాచిగూడ అక్క ఇంట్లో మీటరు ఉంటే ఆవిడ ఇంకా వీరాభిమాని కిందే లెక్క. కాబట్టి కథ మీద మనసు విరిగిన చాలాకాలానికి గానీ అంకె విరగదు. అంకె విరిగాక ఛానల్ కంగారు పడి ఒక పెద్ద మలుపు తిప్పుతుంది: చావు, జ్ఞాపకశక్తి పోవడం, కవల సోదరి, ఇరవై ఏళ్ల గెంతు. మనసు ఎప్పుడో విరిగిన వాళ్లకు అది మలుపులా కనిపించదు. ‘ఇదొక వంకా?’ అనిపిస్తుంది. అలవాటుగా మోగుతున్న టీవీని కూడా కట్టెయ్యడానికి సాకు దొరుకుతుంది. కార్తీక దీపంలో జంటను చంపినప్పుడు జరిగింది ఇదేనని నా అభిప్రాయం. సీరియల్‌ను చంపింది ఆ కారు ప్రమాదం కాదు. సీరియల్ అప్పటికే అయిపోయి ఉంది.

ఎప్పుడు అయిపోయిందంటారా? కథ గుర్తున్న వాళ్లకు డీఎన్‌ఏ పరీక్ష గుర్తుంటుంది. తనకు పిల్లలు పుట్టే అవకాశం లేదని నమ్మిన కార్తీక్, గర్భవతి అయిన దీపను అనుమానించి ఇంట్లోంచి పంపేస్తాడు. ఆ అబద్ధం వెనక కథలో విలన్ మోనిత ఉంది. కవలల్లో ఒక పాప తల్లి దగ్గర, మరో పాప తండ్రి ఇంట్లో. దీప వంటలు చేసి పిల్లను పెంచుతుంది. ‘డాక్టరై ఉండి ఒక్క డీఎన్‌ఏ టెస్టు చేయించుకోవచ్చు కదా’ అని ఊరూవాడా నవ్వుకున్నారు, మీమ్స్ వేశారు. నవ్వినవాళ్లు ఒక సంగతి గమనించలేదు. ఆ పరీక్ష చేయిస్తే సీరియల్ ఆ రాత్రికే అయిపోతుంది. మూడేళ్లకు పైగా ఆ ఇంటిని నిలబెట్టింది ఆ ఒక్క అనుమానమే. వంటలక్కను జనం చూసింది ఆమె నల్లరంగు కోసమో కష్టాల కోసమో కాదు. ‘ఆయనకు నిజం తెలిసిన రోజు ఆయన మొహం ఎలా ఉంటుందో’ చూడాలని ఎదురుచూశారు.

నిజం తెలిసింది. ఆ మొహం చూశారు. ఇక చూడ్డానికి ఏం మిగిలింది? కథలో అసలు ముడి విడిపోయాక రచయితలు మోనితతో కొత్త ముడులు వేశారు. అవి గట్టి ముడులే, కానీ మొదటి ముడి కాదు. మన పాత నవలా రచయితలకు ఈ సంగతి బాగా తెలుసు. వారపత్రికల్లో సీరియల్ నవలలు ఏలిన రోజుల్లో, యండమూరి ‘తులసీదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో వస్తున్నప్పుడు, వారం వారం పాఠకుడిని కొక్కేనికి తగిలించి ఆపేవాళ్లు. కానీ ఆ నవలకు అట్ట వేసే రోజు ఒకటుందని రచయితకూ పాఠకుడికీ ముందే తెలుసు. ముడి విప్పి ‘అయిపోయింది’ అని రాసి పక్కకు తప్పుకునేవాళ్లు. టీవీ సీరియల్ రచయితకు ఆ హక్కు లేదు. ముడి విప్పిన సోమవారం తర్వాత మంగళవారం ఉంటుంది.

ఈ పరిస్థితి మొదటి నుంచీ లేదు. 1977లో హైదరాబాద్‌కు దూరదర్శన్ వచ్చింది. దూరదర్శన్ కాలంలో సీరియల్‌కు అనుమతి మామూలుగా 13 ఎపిసోడ్లకే ఇచ్చేవారు. వారానికొకటి చొప్పున మూడు నెలలన్నమాట. బాగుంటే పొడిగింపు కోసం మళ్లీ అర్జీ పెట్టుకోవాలి. దేశాన్ని కదలకుండా కూర్చోబెట్టిన బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’ అంతా కలిపితే 94 ఎపిసోడ్లు. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక లెక్క మారింది. వారపు సీరియల్ తగ్గి రోజువారీ సీరియల్ పెరిగింది. వారానికి ఐదారు ఎపిసోడ్లంటే ఏడాదికి మూడు వందల దాకా కథ కావాలి. మంజులా నాయుడు దర్శకత్వంలో జెమినీ ‘చక్రవాకం’ వెయ్యి దాటింది, 2008 నుంచి 2013 దాకా నడిచిన ‘మొగలిరేకులు’ 1,368 దాకా వెళ్లింది. ఈటీవీ ‘అభిషేకం’ 2008లో మొదలై 2022లో 4,000 ఎపిసోడ్ల దగ్గర ఆగింది. ఆ సీరియల్ మొదలైనప్పుడు ఒకటో తరగతిలో చేరిన పిల్ల, ముగిసేనాటికి ఉస్మానియాలో డిగ్రీ చదువుతూ ఉంటుంది.

రోజుకో ఎపిసోడ్ తియ్యడం అంటే ఏమిటో బయటివాళ్లకు తెలియదు. అరగంట స్లాటులో ప్రకటనలు పోను కథకు మిగిలేది ఇరవై, ఇరవై రెండు నిమిషాలు. అది రోజూ తయారవ్వాలి. ముందుగా తీసి దాచుకున్న ఎపిసోడ్లు కొన్ని రోజులకు సరిపడా మాత్రమే ఉంటాయి. నటీనటుల్లో చాలామంది కర్ణాటక, కేరళ నుంచి వస్తారు, నెలలో కొన్ని రోజులే డేట్లు ఇస్తారు, గొంతు వేరొకరు ఇస్తారు. హీరోయిన్‌కు జ్వరం వస్తే ఆ వారం హీరోయిన్ ‘ఊరెళ్తుంది’. విలన్‌కు వేరే సీరియల్లో షూటింగ్ ఉంటే ఇక్కడ ఫోన్లో బెదిరిస్తుంది. ఇంట్లో కూర్చుని ‘కథ సాగదీస్తున్నారు’ అని మనం తిట్టే చోట చాలాసార్లు జరిగేది కథను ఎలాగోలా లాక్కురావడం. పైగా ఈ కథల్లో పెద్ద వాటా అరువు సరుకు. కార్తీక దీపానికి మూలం మలయాళ ‘కరుత్తముత్తు’. అక్కడా మొదట నాయిక ప్రేమి విశ్వనాథే. ‘గుప్పెడంత మనసు’ బెంగాలీ ‘మోహర్’ నుంచి, ‘బ్రహ్మముడి’ మరో బెంగాలీ సీరియల్ నుంచి మొదలయ్యాయి. మూలకథ అయిపోయాక కూడా ఇక్కడ రేటింగ్ ఉంటే ఆపరు. అప్పటి నుంచి పటం లేని ప్రయాణం.

గుప్పెడంత మనసు గురించి ఆగి చెప్పాలి, ఎందుకంటే అది అత్తాకోడళ్ల సీరియల్ కాదు, కాలేజీ సీరియల్. అది చూసిన వాళ్లు కూడా వేరు. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ నుంచి తార్నాక దాకా హాస్టళ్లూ పీజీలూ నిండా ఉండే అమ్మాయిల్లో, మామూలుగా సీరియల్ పేరెత్తితే మూతి తిప్పే వాళ్లు కూడా ‘రిషి సర్’ అంటే ఆగేవాళ్లు. ఇంట్లో పెళ్లి తప్పించుకుని చదువు కోసం పట్నం వచ్చిన వసుధార (రక్షా గౌడ), కాలేజీ నడిపే కోపిష్టి లెక్కల సారు రిషి (ముకేశ్ గౌడ), చిన్నప్పుడే అతన్ని విడిచి వెళ్లాల్సి వచ్చిన తల్లి జగతి. ఆ తల్లే వసుధారకు గురువు. ఊరి నుంచి వచ్చి, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారన్న భయంతో పీజీ ఎంట్రన్సులు రాసే అమ్మాయికి ఈ కథ ఎక్కడ తగిలిందో వేరే చెప్పక్కర్లేదు. నిజం క్యాంపస్‌లో ఉండే బ్యాక్‌లాగులూ, ఫీజు రీయింబర్స్‌మెంట్ గోలా, మెస్సు సాంబారూ ఆ కాలేజీలో పెద్దగా కనిపించేవి కావు, అది వేరే సంగతి. రిషిధార అని ఇద్దరి పేర్లూ కలిపి అభిమానులు ఒక పేరే కట్టేశారు.

వాళ్లు చూసే పద్ధతీ వేరు. టీవీ గదికి వెళ్లి కూర్చోరు. హాట్‌స్టార్‌లో ఎపిసోడ్ టీవీ కంటే ముందే వచ్చేది. యూట్యూబ్‌లో ప్రోమో, ఇన్‌స్టాలో రిషి ఒక్క చూపు ముక్క. మిగతా సీన్లన్నీ వేలితో తోసేసి, ఇద్దరూ ఎదురుపడిన నిమిషం మాత్రం మళ్లీ మళ్లీ చూడటం. కాచిగూడ అక్కది చప్పుడుతో అనుబంధం, తార్నాక అమ్మాయిది ముక్కలతో అనుబంధం. ఇలాంటి అభిమానం చాలా గట్టిది, కానీ ఒక్క మేకు మీద వేలాడుతుంది.

2023లో జగతి పాత్రను చంపేశారు. ఆ ఏడాది చివర్లో రిషి కథలోంచి మాయమయ్యాడు. ముకేశ్ గౌడ నెలల తరబడి తెరమీద కనిపించలేదు. వసుధార ‘రిషి సర్ బతికే ఉన్నారు’ అంటూ వెతుకుతూనే ఉంది. మధ్యలో మను అనే కొత్త యువకుణ్ని తెచ్చారు. ప్రోమోల కింద జనం రాసింది ఒక్కటే మాట: రిషి ఎప్పుడొస్తాడు? 2024 మధ్యలో వచ్చాడు, రంగా అనే ఆటో డ్రైవరుగా. సంబరం జరిగింది, కానీ అప్పటికి మేకు ఊడిపోయింది. సీరియల్ స్లాటు ముందు గంటకు జరిగి, 2024 ఆగస్టు 31న, దాదాపు మూడేళ్ల తొమ్మిది నెలలకు ముగిసింది.

కార్తీక దీపం, గుప్పెడంత మనసు రెండింటి జబ్బూ ఒకటి కాదు. మొదటిదానికి ప్రశ్న తీరిపోయింది, రెండోదానికి మనిషి పోయాడు. ప్రశ్న తీరిపోతే ప్రేక్షకుడు మెల్లగా జారిపోతాడు. మనిషి పోతే కోపంతో పోతాడు. కోపంతో పోయినవాడిని వెనక్కి పిలవచ్చు, అందుకే ఛానళ్లు చచ్చిన పాత్రల్ని బతికిస్తుంటాయి. ఇది మన ఒక్కరి విద్యే కాదు. హిందీలో ఏక్తా కపూర్ ‘క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ’లో మిహిర్‌ను చంపి, జనం గోల పెట్టాక బతికించారు. అమెరికాలో ‘డాలస్’ వాళ్లు ఇంకా తెగించారు. చచ్చిపోయిన బాబీ ఈవింగ్‌ను 1986లో స్నానాల గదిలో ప్రత్యక్షం చేసి, మధ్యలో గడిచిన ఒక సీజను మొత్తం కల అన్నారు. చూసినవాళ్ల ఏడాదిని అలా కొట్టేశారు.

తెరమీది మనిషి కోసం ఇంత కోపం ఎందుకొస్తుంది అని చదువుకున్నవాళ్లు నవ్వుతారు. నవ్వాల్సింది లేదు. 1956లోనే డొనాల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు అమెరికన్ పండితులు దీని గురించి రాశారు. తెరమీది మనిషిని రోజూ చూస్తే, అతనికి మనం తెలియకపోయినా, మనకు అతను స్నేహితుడవుతాడు. ఒకవైపు నుంచే నడిచే స్నేహం అది. రోజూ అదే గంటకు, అదే గదిలో, మన అన్నం తినే వేళకు వచ్చేవాడు నాలుగేళ్లకు ఏమవుతాడో వేరే చెప్పాలా? అలాంటివాణ్ని తీసేసి, ఆ స్థానంలో కొత్తవాణ్ని కూర్చోబెట్టి ‘ఇక ఇతన్ని ప్రేమించండి’ అంటే కుదరదు.

మరి ‘అమృతం’లో ఎలా కుదిరింది? జెమినీలో 2001 నవంబరు నుంచి 2007 నవంబరు దాకా ఆదివారాలు వచ్చిన ఆ సీరియల్లో అమృతరావును ముగ్గురు వేశారు: శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్. ఎవరూ గోల చెయ్యలేదు. ఈ రోజుకీ యూట్యూబ్‌లో చూస్తున్నారు. కారణం నిర్మాణంలో ఉంది. గుణ్ణం గంగరాజు అమృతాన్ని వారం వారం పూర్తయ్యే కథలుగా కట్టారు. ఆ వారం తిక్క ఆ వారమే తీరిపోతుంది. ఆరేళ్లకు 313 ఎపిసోడ్లు. అక్కడ ఎదురుచూపు అనేదే లేదు, కాబట్టి మోసపోవడం కూడా లేదు. మనిషి మారినా అమృతం హోటలు, అంజి, అప్పాజీ అక్కడే ఉన్నారు. రోజువారీ ఏడుపు సీరియల్ పెట్టుబడి అంతా ఎదురుచూపే. దాన్ని ఎంతకాలం వాడుకోవచ్చో తెలియకపోవడమే అసలు రోగం.

అభిమానులు తిట్టడం మొదలుపెట్టారంటే ఛానల్ సంతోషించాలి. తిట్టేవాడు ఇంకా చూస్తున్నాడు. నిన్నటిదాకా ‘రిషి సర్‌ను తీసుకురండి’ అని పేజీలు పేజీలు రాసిన అమ్మాయి ఇప్పుడు ప్రోమో వచ్చినా వేలితో పైకి తోసేస్తోందంటే అప్పుడు భయపడాలి. ఆ వేలి కదలికను ఏ మీటరూ లెక్కెయ్యదు. మనలో దాదాపు ఎవరి ఇంట్లోనూ మీటరే లేదు కనుక, మనం కోపంతో టీవీ కట్టేసినా ఆ సంగతి గురువారం లెక్కకు చేరదు. మనం చెప్పగలిగేది నోటితోనే, రాతతోనే.

ఇక ముగింపు సంగతి. మన దేశంలో తొలి పెద్ద సీరియల్ ‘హమ్ లోగ్’ 1984లో దూరదర్శన్‌లో మొదలైంది. మెక్సికోలో సీరియళ్లతో జనానికి మంచి చెప్పొచ్చని చూసివచ్చి ఇక్కడ నాటిన మొక్క అది. ఏడాదిన్నర లోపే, 150 పైచిలుకు ఎపిసోడ్లకు ముగించేశారు. మెక్సికో, బ్రెజిల్ వాళ్లు ఈ రోజుకీ తమ సీరియళ్లను కొద్ది నెలల్లో ముగిస్తారు. ముగింపు ఎపిసోడ్ అక్కడ పండగ, ఎక్కువమంది చూసేది దాన్నే. మనం మొక్కను తెచ్చుకుని కోతకాలాన్ని మాత్రం అక్కడే వదిలేసి వచ్చాం. మన దగ్గర ఆఖరి ఎపిసోడ్ వచ్చేసరికి చూసేవాళ్లే మిగలరు, ‘అయిపోయిందా, ఎప్పుడు?’ అని అడుగుతారు.

కార్తీక దీపం పేరుతోనే, అదే జంటతో, కొత్త కథ 2024 మార్చి 25న మొదలైంది. జంట మీద జనానికి ప్రేమ చావలేదని ఛానల్ సరిగ్గానే లెక్కేసింది. కానీ ఆ ప్రేమను మళ్లీ అరగదీయకుండా ఉండాలంటే నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: తెలుగు ఛానళ్లు ఒక్క సీరియల్‌నైనా ముగింపు తేదీ ముందే ప్రకటించి మొదలుపెట్టి చూడాలి. 500 ఎపిసోడ్లు చాలు. వారానికి ఆరు చొప్పున ఏడాదీ ఏడు నెలలు. రచయితకు ముడి ఎప్పుడు విప్పాలో తెలుస్తుంది, నటులకు డేట్లు తెలుస్తాయి, ప్రకటనలవాళ్లకు ఆఖరి వారం రేటు తెలుస్తుంది. ప్రేక్షకులు కూడా ఆ మాట గట్టిగా అడగాలి.